ఏడు లెంగ్తుల పైపు

2021 జనవరిలో హైదరాబాదులో నెలకు 20 వేల లీటర్ల దాకా తాగునీరు ఉచితం అన్నప్పటి నుంచీ మా ఇంటికి నీళ్ళ బిల్లు సున్నాయే. ఆ కాగితం వైపు నేను సరిగ్గా చూసిందే లేదు. మొన్న ఫిబ్రవరిలో దాని మీద సున్నా బదులు వేరే అంకె కనబడింది. ఇంట్లో మనుషులు పెరగలేదు, చుట్టాలు వచ్చి మకాం వేయలేదు, రోజూ కడగడానికి కారూ లేదు. మీటరే తప్పు తిరుగుతోందనుకున్నాను. ఎవరికైనా ముందు తోచేది అదే కదా.

నీళ్ళు వదిలే రోజు పొద్దున్నే సంపు మూత తీసి వెదురు కర్ర దించాను. తడి ఎంతవరకు వచ్చిందో సుద్దముక్కతో గీత పెట్టాను. మీటరు అంకెని ఫోన్‌లో ఫొటో తీసుకున్నాను. గంటన్నర తర్వాత నీళ్ళు ఆగాయి. మళ్ళీ కర్ర దించితే 14 అంగుళాలు పెరిగాయి. మా సంపు లోపలి కొలత ఆరడుగులు, ఐదడుగులు. అంగుళానికి 70 లీటర్ల లెక్కన 14 అంగుళాలంటే వెయ్యి లీటర్లకి కాస్త తక్కువ. మీటరేమో 1,900 లీటర్లు దాటింది. అంటే గేటు దగ్గరున్న మీటరుకీ, వెనకాల ఉన్న సంపుకీ మధ్యలో, రోజు విడిచి రోజు, తొమ్మిది వందల లీటర్లు భూమిలోకి ఇంకిపోతున్నాయి. పైన చుక్క తడి లేదు. మాది మొరం నేల. ఎంత పోసినా కిక్కురుమనకుండా తాగేస్తుంది.

లీకుందని తేలింది. ఇక పైపు ఎక్కడుందో చూసి తవ్వడమే అనుకున్నాను. అప్పుడు తెలిసింది, ఆ పైపు ఎటు వెళ్ళిందో మా ఇంట్లో ఎవరికీ తెలియదని. 1994లో కట్టిన ఇల్లు. కట్టించిన నాన్న లేరు. పైపులు వేసిన ప్లంబర్ ఎక్కడున్నాడో, అసలు ఉన్నాడో లేడో కూడా తెలియదు. ఇంటి దస్తావేజు ఉంది, లింకు డాక్యుమెంట్లున్నాయి, అనుమతి వచ్చిన ప్లాను నీలం కాగితం మడతల దగ్గర చిరిగిపోయినా ఉంది. అందులో ఏ గది ఎన్ని అడుగులో, కిటికీ ఏ గోడకో అన్నీ ఉన్నాయి. అంటే కళ్ళకి కనబడేవన్నీ గీశారు. కనబడనివాటికే కదా అసలు బొమ్మ కావాల్సింది! అది మాత్రం ఎవరూ గీయలేదు.

దాని మీద నాకు ఆ పూట వచ్చిన కోపం పాత ప్లంబర్ మీద. భూమిలో పైపు పూడ్చినవాడు ఎక్కడ పూడ్చాడో కాగితం మీద రాసివ్వాలి, ఆ కాగితం చేతికొచ్చాకే చివరి కూలీ డబ్బులివ్వాలి అని ఆఫీసులో ఇద్దరు ముగ్గురితో వాదించాను కూడా. ఇప్పుడు ఆ మాటని కొంచెం సవరించుకున్నాను. ఎందుకో చెప్పాలంటే జరిగిందంతా చెప్పాలి.

సూటిగా వెళ్ళి ఉంటుందిలే

మాది 200 గజాల స్థలం. 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు, పడమర రోడ్డు. వాస్తు పుణ్యమా అని కొన్ని సంగతులు వెతక్కుండానే తెలుస్తాయి. సంపు ఈశాన్యంలోనే ఉంటుంది. పైన ట్యాంకు నైరుతిలోనే ఉంటుంది. వాస్తు మీద నాకు నమ్మకం లేదు గానీ, ఒక రకంగా అది ఊరందరి ఇళ్ళకీ కలిపి గీసిన పైపుల బొమ్మే అనిపించింది. కాకపోతే అది రెండు చివర్లనే చెబుతుంది. ఒక చివర నుంచి ఇంకో చివరకి ఏ దారిన వెళ్ళాలో అందులో లేదు.

గేటు పడమర వైపు, ఉత్తరానికి దగ్గరగా ఉంది. మీటరు దాని పక్కనే. అక్కణ్ణుంచి ఈశాన్యానికి వెళ్ళాలంటే ఉత్తరం సందులోంచి సూటిగా పోతే అరవై చిల్లర అడుగులు. మా కాలనీలో పని చేసే ప్లంబర్ కుర్రాడు వచ్చి ఒక్క చూపులో తేల్చేశాడు. "ఇదే దిక్కు పోయుంటది సార్. తిప్పి ఎవడు వేస్తడు, పైపు దండగ." నాకూ అదే సబబనిపించింది.

మీటరు దగ్గర మొదలుపెట్టి పైపు వెంటే తవ్వుకుంటూ పోవచ్చు కదా అని మీరు అడగొచ్చు. పోవచ్చు. కానీ ఆ మీటరు కింద 2012లో స్కూటర్ ఎక్కడానికని పోయించిన కాంక్రీటు ర్యాంపు ఉంది. అది పగలగొట్టడం కన్నా సందులో బండలు లేపడం తేలికనుకున్నాం. ఇక సంపు వైపు చూస్తే, పైపు సంపులోకి దక్షిణం గోడలోంచి వస్తోంది. మొదటి రోజే చూశాం. ఉత్తరం సందులోంచి వచ్చే పైపైతే పడమర గోడలోంచి రావాలి. "ఎల్బో వేసి తిప్పుంటరు సార్" అన్నాడు కుర్రాడు. అవునవును అన్నాను. కళ్ళ ముందు సాక్ష్యం కనబడుతుంటే దానికి సాకు వెతికింది మేమిద్దరం కలిసే. ఆ తప్పు అతని ఒక్కడి మీద వేయను.

మొదటి గుంత గేటుకి ఎనిమిదడుగుల దూరంలో. తాండూరు బండ రెండు ముక్కలైంది. రెండడుగులు తవ్వితే మొరం, ఇటుక ముక్కలు, ఎప్పటిదో బ్యాటరీ సెల్లు. రెండో గుంతలో గడ్డపార ఠంగుమంది. సంబరపడ్డాం. తీరా చూస్తే సిమెంటు పలక. లోపల్నుంచి అమ్మ వచ్చి తొంగి చూసి, "అది పాత సెప్టిక్ ట్యాంకు కదరా. డ్రైనేజీ వచ్చాక మట్టి పోసి మూసేశారు మీ నాన్న" అంది. ముందే చెప్పొచ్చు కదమ్మా అంటే, "నువ్వు నీళ్ళ పైపు అడిగావు. దీని గురించి అడిగావా?" అంది. అమ్మ మాటలో న్యాయం ఉంది. ఆ పలక అక్కడుండటానికీ, మేము వెతుకుతున్న పైపుకీ ఉన్న సంబంధం మాకు ఇంకో వారానికి గానీ వెలగలేదు.

మూడో గుంతలో పైపు దొరికింది. అయితే అది 2003లో బోరు వేయించినప్పుడు మోటారు నుంచి పైకి వేసిన ఇంచుంపావు పీవీసీ. దొరికింది అనేకంటే పగిలింది అనడం నిజం. బ్రేకర్ మొన నేరుగా దాని మీదే దిగింది. పొద్దున ఒక లీకుతో పని మొదలుపెట్టిన ఇంట్లో సాయంత్రానికి రెండయ్యాయి. ఆ రాత్రి పక్కింటి వాళ్ళ నల్లా నుంచి బకెట్లతో నీళ్ళు మోసుకున్నాం.

రెండు రాగి తీగలు

మర్నాడు కుర్రాడు తన మేనమామని వెంటబెట్టుకొచ్చాడు. ఆయన చేతిలో ఎల్ ఆకారంలో వంచిన రెండు రాగి తీగలున్నాయి. వాటిని వదులుగా పట్టుకుని సందులో మెల్లగా నడిచాడు. ఒకచోట తీగలు రెండూ ఒకదానిమీదొకటి అడ్డం పడ్డాయి. "ఇక్కడుంది" అన్నాడు. అది మేము నిన్న పగలగొట్టి మళ్ళీ మట్టి కప్పిన చోటికి రెండడుగులే దూరం. తడి మట్టి స్పష్టంగా కనబడుతోంది.

బోరు పాయింట్ చూసేటప్పుడు కొబ్బరికాయ నిలబడటం, వేపపుల్ల వంగడం మన దగ్గర కొత్త కాదు. మా ఊరి బోరు కూడా కొబ్బరికాయతో చూసిందే, నీళ్ళు పడ్డాయి కూడా. అందుకని వెంటనే కొట్టిపారేయలేకపోయాను. తర్వాత చదివితే తెలిసింది. 1990లో జర్మనీలోని కాసెల్‌లో దీన్నే పరీక్ష పెట్టారట. చదునైన నేలలో అర మీటరు లోతున ప్లాస్టిక్ పైపు పాతారు. పైపు ఎక్కడుందో కూడా ముందే చూపించారు. అందులో ఇప్పుడు నీళ్ళు పారుతున్నాయా లేదా అన్నది మాత్రం చెప్పమన్నారు. ఆ విద్యలో ఆరితేరినవాళ్ళే వచ్చి, పరీక్ష సరైనదేనని ఒప్పుకునే మొదలుపెట్టారు. ఫలితం బొమ్మా బొరుసూ వేసినట్టే వచ్చింది. మనమేదో వెనకబడ్డామని అనుకోనక్కర్లేదు. 2017లో ఒక పరిశోధకురాలు అడిగితే బ్రిటన్‌లోని 12 నీటి కంపెనీల్లో పదింటి వాళ్ళు తమ పనివాళ్ళలో కొందరు ఇంకా ఈ తీగలు వాడుతున్నారని ఒప్పుకున్నారు.

అయినా ఆ మేనమామని నేను మోసగాడనను. ముప్ఫై ఏళ్ళు ఆ పనిలో ఉన్నాడు. పైపు ఎక్కడుండొచ్చో ఆయన కంటికి ఒక అంచనా ఉంటుంది. ఆ అంచనాకే చెయ్యి వంగుతుంది, తీగ కదులుతుంది. మా ఇంట్లో ఆయన అంచనా కూడా మా అంచనాలాగే సూటిగా వెళ్ళింది, అంతే. ఆయన డబ్బులు తీసుకోలేదు. టీ తాగి వెళ్తూ, "పాత కాగితాలేమైనా ఉంటే చూడు బాబూ" అన్నాడు. ఈ మొత్తం వ్యవహారంలో నాకు దొరికిన అసలైన సలహా అదే.

నాన్న డైరీ

నాన్న ఇల్లు కట్టించేటప్పుడు లెక్కలు రాసిన డైరీ ఒకటి బీరువాలో ఉంది. ఎల్ఐసీ వాళ్ళిచ్చే రకం డైరీ. ఏ రోజు ఎన్ని బస్తాల సిమెంటు దిగిందో, మేస్త్రీకి అడ్వాన్సు ఎంతిచ్చారో, మేకులు ఎన్ని కిలోలో, ఆఖరికి కూలీల టీ ఖర్చు కూడా రాశారు. పైపు ఎటు వేశారో ఒక్క ముక్క లేదు. అప్పుడు నాకు కోపం నాన్న మీదికి మళ్ళింది. టీ ఖర్చు రాసిన మనిషి ఇది రాయలేదేంటి? కాసేపటికి అర్థమైంది. ఆ డైరీలో ఉన్నవన్నీ చేతిలోంచి డబ్బు పోయిన సంగతులు. పైపు ఎడమకి తిరిగిందా కుడికి తిరిగిందా అన్నదానికి పైసా ఖర్చు కాలేదు కాబట్టి అది లెక్కలోకి రాలేదు.

కానీ ఒక పేజీలో ఈ వరస ఉంది: "జీఐ పైపు అర ఇంచు – 7 లెంగ్తులు. ఎల్బోలు – 9. సాకెట్లు – 6. రిక్షా – 15 రూ."

జీఐ అంటే జింకు పూత పూసిన ఇనుము. ఆ పైపు లెంగ్తు ఇరవై అడుగులు. ఏడంటే 140 అడుగులు. ఉత్తరం సందులోంచి సూటిగా వేస్తే నాలుగు లెంగ్తులు చాలు, ఇంకా మిగులుతుంది కూడా. పిల్లవాడి నోటుబుక్కులో ఇంటి బొమ్మ గీసి వేలితో కొలిచాను. గేటు దగ్గర్నుంచి ఎడమకి బదులు కుడికి తిరిగి, ముందు వైపు పడమర గోడ వెంట వచ్చి, దక్షిణం సందు పొడుగునా వెనక్కి వెళ్ళి, తూర్పు వైపు తిరిగి సంపు చేరితే ముప్ఫై, అరవై, మళ్ళీ దగ్గర దగ్గర ముప్ఫై. దాదాపు 120 అడుగులు. పైకీ కిందికీ లేచే ముక్కలు కలిపితే సరిగ్గా ఆరు దాటి ఏడులో పడుతుంది. సంపులోకి పైపు దక్షిణం గోడలోంచి ఎందుకొచ్చిందో కూడా తేలిపోయింది.

గెలిచినట్టు అమ్మకి చూపిస్తే, "మిగిలిన పైపుతో దండెం కట్టారు కదా మీ నాన్న, అది లెక్కేశావా?" అంది. నిజమే. మేడ మీద బట్టల దండెం స్తంభాలు జీఐ పైపువే. ఒక లెంగ్తు అటు పోయుంటుంది. ఇంకో లెంగ్తు ఏ బాత్‌రూంకో పోయుంటుంది. అలా చూస్తే నా లెక్క కూలిపోతుంది. కాసేపు నిరుత్సాహపడ్డాను. మళ్ళీ ఆ వరస చదివితే ఎల్బోలు తొమ్మిది. దండేనికి ఎల్బోలు అక్కర్లేదు. సూటిగా వెళ్ళే పైపుకి నాలుగైదు చాలు. తొమ్మిది కొన్నారంటే పైపు ఎక్కువసార్లే మలుపు తిరిగి ఉండాలి.

మరి ఎందుకు తిప్పారు? పైపు దండగ అని కుర్రాడన్నది నిజమే కదా? జవాబు మేము తవ్విన రెండో గుంతలోనే ఉంది. ఇల్లు కట్టినప్పుడు ఉత్తరం సందు మొదట్లోనే సెప్టిక్ ట్యాంకు ఉండేది. తాగే నీళ్ళ పైపుని దాని పక్క నుంచి తీసుకెళ్ళడం ఇష్టం లేక చుట్టూ తిప్పారు. మూడు లెంగ్తులు ఎక్కువ పెట్టి, ఒక రోజు కూలీ ఎక్కువిచ్చి, చక్కగా ఆలోచించి చేసిన పని. నేను వారం నుంచీ తిట్టుకుంటున్న ఆ ప్లంబరో, నాన్నో, ఇద్దరూ కలిసో చేసిన మంచి పని. తర్వాత డ్రైనేజీ వచ్చింది, ట్యాంకు మూసేశారు, పైన బండలు పరిచారు. పైపు దారిని అర్థం చేయించే కారణం కూడా దాంతో పాటే పూడిపోయింది.

మెషిన్ ఏం చెప్పింది

ఈసారి గడ్డపార పట్టుకోకుండా, పైపులు కనిపెట్టే మెషిన్ ఉన్న మనిషిని పిలిచాను. నాలుగు వేలు తీసుకున్నాడు. ఒక చిన్న పెట్టెని మీటరు దగ్గర పైపుకి క్లిప్పుతో తగిలించాడు. అది పైపులోకి ఒక సంకేతం పంపుతుంది. పైపు ఇనుముది కాబట్టి ఆ సంకేతం దాని వెంటే పోతుంది. చేతిలో ఉన్న రెండో పరికరం నేల మీద నుంచే దాన్ని పట్టుకుని, సరిగ్గా పైపు మీదికి వచ్చినప్పుడు గట్టిగా మోగుతుంది. లోతు కూడా అంచనాగా చెబుతుంది. అతను గేటు దగ్గర్నుంచి కుడికి తిరిగాడు. పడమర గోడ, దక్షిణం సందు. నాన్న డైరీ దారిలోనే నడుస్తున్నాడు. నేను వెనకాలే సుద్దతో గీత గీసుకుంటూ వెళ్ళాను. ఆగ్నేయం మూలకి వచ్చేసరికి మోత ఆగిపోయింది.

"ఇక్కడ్నుంచి ప్లాస్టిక్ ఉన్నట్టుంది సార్" అన్నాడు. ప్లాస్టిక్ పైపులో ఆ సంకేతం పోదు. మధ్యలో ఎప్పుడో ఒక ముక్క తీసి పీవీసీ వేసుంటే అక్కడితో తెగిపోతుంది. అతను చేసిన పని నాకు భలే నచ్చింది. పెట్టెని తీసుకెళ్ళి సంపు దగ్గర చివరకి తగిలించి, అటు నుంచి వెనక్కి నడుచుకుంటూ వచ్చాడు. ఈసారి మోత మొదటి చోటుకి నాలుగడుగుల ఇవతల ఆగింది. రెండు సుద్ద గుర్తుల మధ్య ఆ నాలుగడుగులూ ప్లాస్టిక్. అవి ఎక్కడున్నాయో తెలుసా? అమ్మ కరివేపాకు చెట్టు కింద. "ఈ ఏడు ఎంత ఏపుగా పెరిగిందో చూశావా" అని సంక్రాంతి నుంచీ వచ్చినవాళ్ళందరికీ చూపించి, కట్టలు కట్టి పంచుతోంది. మేమందరం తిన్నాం. ఎవరికీ అనుమానం రాలేదు.

ఒక్క గుంత. అడుగున్నర లోతు. జీఐకీ పీవీసీకీ అతుకు పెట్టిన చోట కరివేపాకు వేరు తాడులా చుట్టుకుని ఉంది. నీళ్ళు వదిలిన రోజు చూస్తే, మరచుట్ల సందులోంచి పలచటి రేకులా చిమ్ముతున్నాయి. వేరు నొక్కి అతుకు వదులైందా, అతుకు వదులై నీళ్ళు కారితే వేరు వెతుక్కుంటూ వచ్చిందా అన్నది నేనూ ప్లంబర్ కుర్రాడూ ఇప్పటికీ తెమల్చుకోలేదు.

ఇది చదివి, ఇదంతా ఎందుకు, మొదటే మెషిన్ తెప్పిస్తే పోయేది కదా అని మీకనిపిస్తే, మీది పాత ఇల్లయితే సరే. ఇప్పుడు కట్టే ఇళ్ళలో గేటు నుంచి సంపు దాకా అంతా ప్లాస్టిక్కే. ఆ మెషిన్ అక్కడ పనికిరాదు. రాడార్ రకం ఒకటి ఉంది, నేలలోకి తరంగాలు పంపి తిరిగొచ్చినవాటిని బొమ్మగా చూపిస్తుంది. దానికి ప్లాస్టిక్ పైపు కూడా కనబడొచ్చు. కానీ తడి బంకమట్టిలో, నల్లరేగడిలో ఆ తరంగాలు కొద్ది లోతులోనే ఇంకిపోతాయి. గుంటూరు, కర్నూలు వైపు రేగడి నేలల్లో ఇళ్ళున్నవాళ్ళు దాని మీద పెద్దగా ఆశ పెట్టుకోకూడదు. చెవికి ఆనించుకుని లీకు శబ్దం వినే కర్రలూ అంతే. ఇనుప పైపు ఆ సుయ్‌మనే చప్పుడుని దూరం దాకా మోస్తుంది, ప్లాస్టిక్ మింగేస్తుంది. అంటే మనం తుప్పు పట్టని పైపులకి మారి మంచి పనే చేశాం గానీ, అదే చేత్తో వాటిని వెతికే దారి కూడా మూసేసుకున్నాం. నాన్న కాలం పైపు కాగితం లేకపోయినా దొరికింది. నేను ఇవాళ వేసే పైపు కాగితం లేకపోతే నా కొడుక్కి దొరకదు.

వదిలేస్తే పోలా?

ప్లంబర్లలో పదిమందిని అడిగితే ఎనిమిది మంది చెప్పేది ఇది: పాత లైను వదిలేయండి, మీటరు దగ్గర కోసి మూత పెట్టేసి, ప్రహరీ గోడ వెంట పైకి కనబడేలా కొత్తది వేసుకోండి. నిజం చెప్పాలంటే ఇది బలమైన వాదన. వెతకడానికి నేను పెట్టిన డబ్బుతో, పగలగొట్టిన బండల ఖర్చుతో, కొత్త లైనే వచ్చేది. కంటికి కనబడే పైపుకి మ్యాపు అక్కర్లేదు. మా బావమరిది అయితే, "పైపుని పాతిపెట్టడమే తప్పు, ఆ తప్పుకి బొమ్మ గీయడం ఏంటి?" అంటాడు.

సగం ఒప్పుకుంటాను. గోడ వెంట వేయగలిగిన చోట వేసుకోవాల్సిందే. కానీ మామూలు పీవీసీ ఎండకి కొన్నేళ్ళలో పెళుసెక్కుతుంది. మే నెలలో గోడ మీది పైపులో నీళ్ళు చేతికి తగిలితే చురుక్కుమంటాయి. గేటు అడ్డం వచ్చిన చోట, కారు ఎక్కే చోట ఎలాగూ కిందికి దిగాల్సిందే. అంతకంటే పెద్ద సంగతి ఇంకోటుంది. వదిలేసిన పైపుని అందరూ సరిగ్గా రెండు చివరలా కోసి మూస్తారా? ఒక చివర వదిలేసి, "ఏం కాదులే సార్" అనేవాళ్ళే ఎక్కువ. మన ఊళ్ళలో నీళ్ళు ఇరవైనాలుగు గంటలూ రావు. నీళ్ళు కట్టేశాక పైపులో ఒత్తిడి పడిపోయి, ఒక్కోసారి లోపలికే లాగుతుంది. చిల్లు పక్కన ఏముంటే అది, డ్రైనేజీ ఊట ఉంటే డ్రైనేజీ ఊట, లోపలికి వస్తుంది. మర్నాడు నీళ్ళు వదలగానే ముందు సంపులోకి వచ్చేది అదే. కాబట్టి లీకు ఎక్కడో తెలియకుండా పక్క నుంచి ఇంకో లైను వేసి, పాతది ఇంకా ఎక్కడో అతుక్కునే ఉందేమో తెలియకుండా ఉండటం నాకు మనసొప్పలేదు.

మా చెల్లెలు డల్లస్ దగ్గర ఉంటుంది. ఈ గొడవంతా చెబితే, "మా దగ్గర 811కి ఫోన్ చేస్తే వాళ్ళే వచ్చి రంగులు వేసి వెళ్తారు అన్నయ్యా" అంది. 2007 నుంచి దేశమంతటా ఉన్న ఏర్పాటు. డబ్బు తీసుకోరు. తాగునీటికి నీలం, కరెంటుకి ఎరుపు, గ్యాసుకి పసుపు. కాస్త అసూయపడ్డాను. తర్వాత నెమ్మదిగా మిగతాది చెప్పింది. ఆ రంగులు మీటరు దాకానే. మీటరు దాటాక ఉన్నది ఇంటివాళ్ళ సొత్తు, దాన్ని వాళ్ళు గుర్తించరు. మా మరిది కంచె స్తంభం కోసం గుంత తీస్తూ లాన్‌కి నీళ్ళు చిమ్మే పైపుని రెండుసార్లు తెంపాడట. మన దేశంలోనూ 2023 మార్చిలో తవ్వేముందు చెప్పమంటూ ఒక యాప్ తెచ్చారు. రోడ్డు తవ్వేవాళ్ళు ముందుగా కేబుళ్ళవాళ్ళకీ పైపులవాళ్ళకీ కబురు పెట్టడానికి అది. మంచిదే. కానీ అదీ గేటు బయటి సంగతే. గేటు లోపలి నేలకి ఏ దేశంలోనైనా ఇంటాయనే దిక్కు.

ఎవరు గీయాలి

అందుకే ప్లంబర్ చివరి కూలీ ఆపాలన్న నా మొదటి మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఆ మాట మా కుర్రాడితో అంటే నవ్వాడు. "మ్యాపు ఇచ్చేస్తే మళ్ళ నన్నెవరు పిలుస్తరు సార్?" అన్నాడు. సరదాకే అన్నా అందులో కొంత నిజం ఉంది. ఏ ఇంట్లో ఏ పైపు ఎటు పోయిందో తెలియడమే ఒక ప్లంబర్‌కి ఆ కాలనీలో ఉండే పలుకుబడి. దాన్ని కాగితం మీద పెట్టి ఊరికే ఇచ్చేయమనడం న్యాయం కాదు. పైగా అతనికి కూలీ ఇచ్చేది పైపుకి, బొమ్మకి కాదు. కందకం తెరిచి ఉన్న ఆ ఒక్క రోజు టేపు పట్టుకోవాల్సింది ఇంటాయన. ఆ రోజు మనం ఏం చేస్తుంటాం? సెలవు దొరకలేదని ఫోన్‌లో, "అయిపోయిందా? పూడ్చేసెయ్" అంటుంటాం.

ఫొటోలు తీసుకుంటాం కదా అంటారు. మా బావమరిది 2019లో ఇల్లు కట్టేటప్పుడు తీశాడు, రెండు వందల దాకా. మొన్న ఇద్దరం కూర్చుని చూశాం. మట్టి, కందకం, అందులో తెల్ల పైపు. వెనకాల ప్లాస్టరింగ్ లేని ఇటుక గోడ. అది ఏ గోడ? ఇప్పుడు ఆ గోడలన్నిటికీ ఒకే రంగు. ఒక్క ఫొటోలో మాత్రం అనుకోకుండా కిటికీ గ్రిల్లు మూల పడింది. దాన్ని బట్టి ఆ ఒక్క పైపు తెలిసింది. ఎటూ కదలని రెండు మూలల నుంచి రెండు కొలతలు, ఈ మూలకి ఇన్ని అడుగులు, ఆ మూలకి ఇన్ని అడుగులు, ఇంత లోతు అని పలక మీద రాసి ఆ పలకని కూడా ఫొటోలో పడేలా పెడితే చాలు. పైపు పక్కనే ప్లాస్టిక్ తొడుగున్న రాగి తీగ ఒకటి పడేసి, రెండు చివర్లూ పైకి తీసి ఉంచితే ప్లాస్టిక్ పైపుని కూడా మెషిన్ తర్వాత వెతికి పెడుతుంది. ఆ తీగ ఖర్చు ఒక తాండూరు బండ ఖర్చు కూడా ఉండదు.

నేను గీసిన బొమ్మ మోటారు గది తలుపు వెనక ఆయిల్ పెయింట్‌తో ఉంది. కాగితమైతే బీరువాలోకి పోతుంది, ఫోన్ అయితే మారిపోతుంది, తలుపు అక్కడే ఉంటుందని. మునిసిపల్ లైను నీలం గీత, బోరు లైను ఎర్ర గీత, మూసేసిన సెప్టిక్ ట్యాంకు చుట్టూ నల్ల డబ్బా. అడ్డు నిలువు కొలతలన్నీ మా అబ్బాయే టేపు పట్టి చదివాడు.

కరివేపాకు చెట్టు కింద గుంతలో ఇంకో పైపు కనబడింది. ముప్పావు ఇంచు జీఐ, చివర మూత బిగించి ఉంది, వంటింటి పునాది వైపు వెళ్తోంది. అది డైరీలో లేదు. పెరట్లో నల్లా పెడదామని నాన్న అనుకున్నారనీ, అదే అయ్యుంటుందనీ అమ్మ అంటుంది. "కాదమ్మగారు, ఇది లోపలికెళ్ళి బయటికొచ్చిన లైను" అని కుర్రాడంటాడు. తట్టి చూస్తే బోలుగానే మోగింది. తలుపు మీద దానికి చుక్కల గీత గీసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టాను.